బుడగలు ఆగిన తరువాత

ఒకే వంటగదిలో ఇద్దరు తోడికోడళ్ళుంటే గిన్నెలకు సొట్టలు పడతాయని లోకం మాట. ఆ ఇంట్లో గిన్నెలకు ఒక్క సొట్టా పడలేదు. పెద్దకోడలు స్టవ్ వైపు, చిన్నకోడలు సింకు వైపు, ఒకరికొకరు వీపు పెట్టి ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశారు. గది ఎంత ఇరుకంటే ఒకరు వెనక్కి తిరగాలంటే రెండోవాళ్ళు పక్కకు ఒదగాలి. ఎప్పుడు ఒదగాలో కాపురానికొచ్చిన మొదటి ఏడాది తరువాత చిన్నకోడలికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. పెద్దావిడ చూడకుండా చెయ్యి వెనక్కి చాస్తే ఆ చేతిలో గరిటె పడేది. కావలసింది గరిటో పట్టకారో గిన్నె ఉడుకుతున్న చప్పుడును బట్టి చిన్నకోడలే పోల్చుకునేది.

మాటలు పనికి సరిపడా ఉండేవి. మంట తగ్గించు, మూత పెట్టు, ఆ గుడ్డ పారేసి కొత్తది తియ్యి. పెద్దావిడ పిల్లలిద్దరూ ఆ గట్టు కిందే పాకి, పెరిగి, పెళ్ళిళ్ళు చేసుకుని ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. చిన్నకోడలికి పిల్లలు పుట్టలేదు. ఆ సంగతి మీద కూడా ఆ వంటగదిలో ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆసుపత్రి నుంచి ఆఖరిసారి తిరిగొచ్చిన రోజున పెద్దావిడ ఆమె చేతిలోంచి అంట్లు లాక్కుని తానే తోమింది, అంతే. అన్నదమ్ములిద్దరూ పెద్దావిడను చాటుగా హెడ్మాస్టరనేవారు. ఆవిడకు తెలుసు. తెలిసీ తెలియనట్టుండడం హెడ్మాస్టర్ల లక్షణం కాబట్టి ఊరుకునేది.

అలాంటి ఇంట్లోంచి పెద్దకోడలూ ఆవిడ భర్తా వెళ్ళిపోయారు. గొడవపడి కాదు. బావగారు అచ్చాఫీసులో ఫోర్‌మన్. ఆయన పనిచేస్తున్న ప్రెస్సు మూతపడింది. రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ పోవలసినంత దూరాన ఉన్న పెద్ద ప్రెస్సువాళ్ళు రమ్మన్నారు. ఆ వయసులో పిలిచి పని ఇస్తామంటే వెళ్ళక ఏం చేస్తారు. సామాను వ్యాను ఎక్కాక పెద్దకోడలు మళ్ళీ వంటగదిలోకి వచ్చింది. ఏదో చెప్పడానికే వచ్చిందని చిన్నకోడలు చేతులు తుడుచుకుని నిలబడింది. "ఫ్రిజ్ వెనక దుమ్ము నెలకోసారైనా తియ్యి. లేకపోతే వేడెక్కి చస్తుంది," అని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది.

ఫ్రిజ్ వెనక దుమ్ము చిన్నకోడలు వారానికోసారి తీసింది.

ఫోన్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి. తిన్నావా అంటే తిన్నాను, మీరు తిన్నారా అంటే ఆఁ, అక్కడ నీళ్ళెలా ఉన్నాయంటే బాగానే ఉన్నాయి. ఆ పైన ఇద్దరూ ఫోను చెవికి పెట్టుకుని ఒకరి ఊపిరి ఒకరు వినేవారు. పని లేకుండా మాట్లాడుకోవడం వాళ్ళిద్దరూ నేర్వని విద్య. "సరే మరి," అని ఆవిడ అనేది. "సరేనక్కా," అని ఈమె అనేది. రోజూ చేసుకునే ఫోను వారానికి జారింది, వారం కాస్తా పక్షమయింది. ఒక రోజు సింకు దగ్గర నిలబడి చిన్నకోడలు, కడిగిన గిన్నెను అలవాటుగా వెనక్కి అందించింది. అందుకునేవాళ్ళు లేరు. ఆ ఇంట్లో గిన్నెకు పడ్డ మొదటి సొట్ట అదే.

ద్రాక్ష కాలం వచ్చింది. మార్కెట్టు మలుపులో బళ్ళ మీద చిన్న నల్ల ద్రాక్ష గుత్తులు కుప్పలు పోశారు. ఏటా ఈ రోజుల్లో పెద్దకోడలు ఒక జాడీ వైను పెట్టేది. ఆవిడ పుట్టింటివాళ్ళది చిన్న బేకరీ. ఈస్టుతో ఆవిడకు చిన్ననాటి స్నేహం. వైను మాత్రం ఎవరి దగ్గర నేర్చుకుందో ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చినవాళ్ళు ఒక గుక్క తాగి, ఇది కొన్నది కాదా అని సీసా తిప్పి తిప్పి చూసేవారు. కాడల నుంచి పళ్ళు వలవడం, జాడీలు కడగడం, గుడ్డలు మరగబెట్టడం చిన్నకోడలి వంతు. తక్కినదంతా ఆమె వీపు వెనక జరిగేది. ఇరవై జాడీల వైను పక్కనే తయారయింది గానీ, ఎలా తయారయిందో ఆమెకు తెలియదు. తెర తాళ్ళు లాగినవాడికి నాటకం కనిపించనట్టే అయింది ఆమె సంగతి.

ఆ రోజు ఆమె ఒక బుట్టెడు ద్రాక్ష కొనేసింది. కొన్నాక భయం వేసింది. భర్త కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. సాయంత్రం వచ్చి బుట్ట చూసి, ఇన్ని పళ్ళు ఎవరు తింటారన్నాడు. వైను పెడతానంటే కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. "హెడ్మాస్టరు లేకుండా పరీక్ష రాస్తావా?" అన్నాడు.

మర్నాడు పొద్దున అతను దుకాణానికి వెళ్ళాక ఆమె ఫోను చేసింది. తిన్నావా, తిన్నాను అయ్యాక, "అక్కా, ద్రాక్ష కొన్నాను. వైను పెడదామని," అంది.

అటు వినబడిన గొంతు వేరు. వ్యాను ఎక్కక ముందటి గొంతు.

"ఒక పండు నోట్లో వేసుకో. గుజ్జు కాదు, తొక్క నములు. తీపా, వగరా?"

"కొంచెం వగరు, వెనక తీపి."

"మంచిదే. మెత్తబడ్డవీ బూజు పట్టినవీ తీసెయ్యి, జాలిపడకు. ఒక్కటి చాలు జాడీ మొత్తాన్ని తగలెయ్యడానికి. కాడ ముక్క ఒక్కటి కూడా ఉండకూడదు. మిక్సీ జోలికి పోకు. గింజ నలిగిందంటే ఆ చేదు ఎన్నేళ్ళున్నా పోదు. చేత్తో చిదుము, గింజ జారిపోయేట్టు."

ఆ పూట ఫోను వేడెక్కి చెవి కాలింది. అంత సేపు మాట్లాడుకోవడం వాళ్ళ చరిత్రలో లేదు. ఆమె ఫోనును గట్టు మీద స్పీకరులో పెట్టి మోచేతుల దాకా ద్రాక్షలో చేతులు పెట్టింది. ఆవిడ అటునుంచి ఒక్కొక్కటే చెబుతూ పోయింది. మరిగే నీళ్ళు జాడీలో ఒక్కసారిగా పోస్తే పగులుతుంది, ముందు గోరువెచ్చనివి పోసి దాన్ని కాస్త అలవాటు చెయ్యాలి. కడిగిన జాడీ లోపల చెయ్యి పెట్టకూడదు, గుడ్డతో తుడవకూడదు, బోర్లించి దానంతటది ఆరాలి. ఈస్టు నానబెట్టే నీళ్ళల్లో వేలు పెడితే వేలికి హాయిగా ఉండాలి. జాడీ మెడ దాకా నింపకూడదు. అది పొంగుతుంది, నింపితే వంటగది గోడ కడుక్కోవలసి వస్తుంది. ఇలా చెప్పి, "నేను కడిగాను ఒకసారి. నువ్వు ఊళ్ళో లేవు," అని పెద్దకోడలు అంది. హెడ్మాస్టరు తప్పు చేసినట్టు ఒప్పుకోవడం చిన్నకోడలు వినడం అదే మొదలు.

ఆ మర్నాటి నుంచి ఫోను మళ్ళీ రోజూ మోగింది. మగవాళ్ళు పనులకు వెళ్ళాక, మధ్యాహ్నపు వంట మొదలుపెట్టక ముందు. తొక్కలన్నీ తేలి పైన మందంగా తెట్టు కట్టాయి. పొద్దునా సాయంత్రం పొడుగు చెక్క గరిటెతో వాటిని కిందికి ముంచమంది ఆవిడ. ముంచకపోతే పైన ఎండి పుల్లబడతాయట. వాసన ఎలా ఉందో అడిగేది. రొట్టెల వాసన, పండు వాసన కలిసి వస్తోందని చెబితే, "అది చాలు," అనేది. ఒక రోజు కొంచెం కుళ్ళు వాసన వచ్చినట్టనిపించి చిన్నకోడలు కంగారుపడింది. ఆవిడ అడిగిన నాలుగు ప్రశ్నలతో తేలిందేమిటంటే ఆ వాసన సింకు కింద మరచిపోయిన ఉల్లిపాయది. ఇద్దరూ నవ్వారు. ఫోనులో కలిసి నవ్వడం కూడా అదే మొదలు.

రంగంతా దిగాక వడగట్టి, తొక్కలు పిండకుండా, రసం మాత్రం మూత బిగుసుకునే రెండో జాడీలోకి మార్చమంది ఆవిడ. మూతకు కన్నం పెట్టి సన్నటి రబ్బరు గొట్టం దూర్చి, గొట్టం రెండో కొస నీళ్ళ గ్లాసులో ముంచాలి. లోపలి గాలి బయటికి పోవాలి, బయటి గాలి లోపలికి రాకూడదు. అంతా అమర్చి చూస్తూ కూర్చుంటే గ్లాసులో గుబుక్కుమని ఒక బుడగ లేచింది. కాసేపటికి ఇంకొకటి.

"ఫోను గ్లాసు దగ్గర పెట్టు," అంది పెద్దకోడలు.

పెట్టింది. గుబుక్. గుబుక్. చాలాసేపటికి అటునుంచి, "బాగుంది," అన్న మాట వినబడింది. అప్పటి నుంచి రోజూ ఫోను ఎత్తగానే ఆవిడ మొదటి మాట, "పెట్టు."

బుడగలు వింటున్నంత సేపూ ఎవరి పనులు వాళ్ళు చేసుకునేవారు. అటు చాకు చప్పుడు, పంపు చప్పుడు ఈమెకు తెలిసేవి. మధ్యమధ్య ఆవిడ నోటి నుంచి ఒక్కో మాట జారేది. నాలుగో అంతస్తులో గాలి బాగా వస్తుందట, దుమ్ము కూడా. పక్కింటావిడ మంచిదేనట, కానీ ఊరికే కూర్చుని మాట్లాడుతుందట. ఒకరోజు ఉన్నట్టుండి, "ఇక్కడ స్టవ్వూ సింకూ ఒకే గట్టు మీద పెట్టారు. వెనక గోడ," అంది. ఇల్లు కట్టినవాళ్ళ మీద ఫిర్యాదులాగే చెప్పింది. చిన్నకోడలు చేస్తున్న పని ఆపి, తన వెనక ఉన్న చోటు వైపు చూసింది.

బుడగలు నెమ్మదించాయి. చిన్నకోడలు పండు తెచ్చిన రోజున పడ్డ భయం లాంటిదే మళ్ళీ మొదలయింది, ఎందుకో తెలియకుండా. ఎందుకో ఆవిడే చెప్పింది. "ఇంక ఆగిపోవడానికి సిద్ధంగా ఉంది. బుడగ రావడం మానేశాక నాలుగు రోజులు కదపకు. అడుగున మడ్డి పేరుకుంటుంది. పైన తేరినది గొట్టంతో లాగి ఇంకో జాడీలోకి దించు. మడ్డి ఒక్క చుక్క కూడా రాకూడదు. అంచు దాకా నింపి, బిరడా బిగించి, చీకట్లో పెట్టి మరచిపో. చలి రోజులు వెళ్ళేదాకా దాని ఊసెత్తకు. వైను చెడేది తొందరపాటు వల్లే."

మరచిపో అన్న మాట ఆమె చెవిలో ఉండిపోయింది. మరచిపోవలసిన వైను గురించి రోజూ ఫోను చేసి ఏమని అడుగుతారు. మళ్ళీ తిన్నావా, తిన్నాను, సరే మరి. నెలల తరబడి. ఆ తరువాత ఇంకో ద్రాక్ష కాలం వచ్చేదాకా.

ఒక పొద్దున గ్లాసు నిశ్శబ్దంగా ఉంది. మూత నొక్కి చూసింది, జాడీని కాస్త కదిపి చూసింది. పాపం అది తన పని తాను చేసి ముగించింది. ఫోను మోగింది. "పెట్టు," అంది పెద్దకోడలు.

గట్టు మీద కూల్‌డ్రింకుతో వచ్చిన ప్లాస్టిక్ స్ట్రా ఒకటి ఉంది. చిన్నకోడలు అది తీసి, గ్లాసులో ముంచి, మెల్లగా ఊదింది. గుబుక్.

"వస్తున్నాయి కదా," అంది ఆవిడ.

"వస్తున్నాయక్కా."

మొదటి రోజు సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. రెండో రోజు తక్కువ ఎర్రబడ్డాయి. వారం తిరిగేసరికి ఆమె అందులో ప్రవీణురాలయింది. ఒక బుడగ వదిలి, గిన్నె కడిగి, వచ్చి ఇంకో బుడగ వదిలేది. కడుపు నిండిన పసిపిల్ల మూతిలో బుడగల్లా ఉండాలి, చిన్నగా, దూరదూరంగా. మరీ దూరమైతే ఆగిపోయిందంటుంది. మరీ దగ్గరైతే అనుమానిస్తుంది.

సెలవు రోజున భర్త నీళ్ళ కోసం వంటగదిలోకి వచ్చి, గట్టు మీదికి వంగి స్ట్రా ఊదుతున్న భార్యనూ, గ్లాసు పక్కన ఫోనునూ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఫోను పెట్టేశాక, "మా వదినకు కచేరీ చేస్తున్నావా?" అని అడిగాడు. ఆమె నవ్వలేదు. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఊరికే ఫోను చేసుకోవచ్చు కదా, దానికింత తంతు ఎందుకన్నాడు.

"ఊరికే చేస్తే ఏం మాట్లాడాలి?" అని అడిగింది ఆమె.

అతను ఆలోచించాడు. తానూ అన్నయ్యా వారానికోసారి మాట్లాడుకుంటారు. అక్కడ వాన పడిందా, ఇక్కడ పడలేదు. రెండూళ్ళ వాతావరణం తప్ప ఒకరి గురించి ఒకరికి ఏమీ తెలియదని అప్పుడే తట్టినట్టుంది. నీళ్ళు తాగి లేచి వెళ్ళిపోయాడు. స్ట్రా జోలికి మళ్ళీ రాలేదు.

జాడీ మాత్రం ఎదురుగా నిలబడి ఆమెను చూసేది. పై భాగమంతా తేరి, కిటికీ వెలుగులో పెడితే ఎర్రరాయిలా మెరిసింది. అడుగున వేలెడు మందాన బూడిదరంగు మడ్డి. దించాలి. రేపు దించుదాం అనుకునేది. రేపు దించితే ఎల్లుండి ఫోనులో ఏం వినిపించాలి. స్ట్రా ఉందిగా అనిపించింది గానీ, జాడీ మార్చాక బుడగలొస్తున్నాయని అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. అబద్ధానికీ ఒక మర్యాద ఉంటుంది కదా.

అటు పెద్దకోడలు దిగులుపడసాగింది. ఇన్నాళ్ళు పొంగడమేమిటి, చక్కెర ఎంత వేశావు, ఈస్టు పాతదేమో, గది చల్లగా ఉందా. కొంచెం చల్లగానే ఉందని ఈమె అంది. అయితే స్టవ్ పక్కకు జరిపి దుప్పటి చుట్టమంది ఆవిడ. ఆజ్ఞ మీరడం చేతకాక చిన్నకోడలు, ఎప్పుడో పని ముగించి నిద్రపోతున్న జాడీని స్టవ్ పక్కకు జరిపి, మంచి ఉన్ని దుప్పటి వెతికి చుట్టింది. వెచ్చటి చోట, మడ్డి మీద, ఆ వైను అలాగే కూర్చుంది.

చలి మొదలయింది. ఆమెకు జలుబు చేసింది. ఆ రోజు ఫోను రాగానే యథాప్రకారం గ్లాసు మీదికి వంగింది. మొదటి బుడగ బాగా వచ్చింది. రెండోదాని మధ్యలో దగ్గు తన్నుకొచ్చింది. ఆపుకోబోతే గ్లాసులో నీళ్ళు భళ్ళున లేచి ఆమె మొహం మీదా ఫోను మీదా పడ్డాయి.

ఆమె చీర కొంగుతో ఫోను తుడిచింది.

"జాడీకి జలుబు చేసిందా, పిల్లా?" అంది పెద్దకోడలు.

నవ్వుతుందేమోనని చిన్నకోడలు ఆగింది. ఆవిడ నవ్వలేదు. ఎప్పటినుంచి అని అడిగింది. నెల దాటిందని ఈమె చెప్పింది. ఇంకా మడ్డి మీదే ఉందా అని అడిగింది. ఉందంది. దుప్పటి కప్పావా అని అడిగింది.

"మీరు కప్పమన్నారుగా."

"అంత మంచి పండు," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "నీ చేత్తో ఏరావు. గింజ నలక్కుండా చిదిమావు. ఒక్కొక్కటీ నేను దగ్గరుండి చేసినట్టే చేశావు. చేసి చేసి చివర్లో పాడుచేశావు." ఫోను ఆగిపోయింది.

మర్నాడు మోగలేదు. ఆ మర్నాడూ లేదు. ఎవరికీ తెలియకుండా చేసిన తప్పును మోయడం ఒక ఎత్తు, దొరికిపోయాక మోయడం ఒక ఎత్తు. ఆమె కూర మాడ్చింది, టీలో చక్కెర మరచింది. భర్త మాట్లాడకుండా తిన్నాడు, తాగాడు. ఒక రాత్రి భోజనాల దగ్గర మాత్రం, అన్నయ్యకు ఫోను చేస్తే వదిన బాగానే ఉందన్నాడని, ఇక్కడ మీ ఆవిడ జలుబు తగ్గిందా అని అడిగాడని చెప్పాడు. జలుబు సంగతి ఆయనకెలా తెలుసని ఆమె అడగలేదు. ఎలా తెలుసో ఆమెకు తెలుసు.

మరునాడు ఆమె దుప్పటి విప్పింది. జాడీని గట్టు మీదికెత్తి, ఖాళీ జాడీ కింద నేల మీద పెట్టింది. కదిలించినందుకు మడ్డి కాస్త లేస్తే, అది మళ్ళీ కూర్చునేదాకా ఆ పూటంతా దానివైపు పోలేదు. తరువాత గొట్టం కొసను మడ్డికి బాగా పైన నిలిపి పట్టుకుంది. రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చింది. పీల్చకపోతే వైను కదలదు. గొట్టంలో ఎర్రగీత పైకి పాకి, వంపు దాటి, ఒక్కసారిగా ఆమె నోట్లోకి వచ్చింది. కొసను వేలితో మూసి కింది జాడీలోకి వదిలింది. నోట్లోది వెంటనే మింగలేదు, ఉమ్మలేదు. తాను పెట్టిన వైనును ఆమె రుచి చూడడం అదే మొదలు.

జాడీ నిండేదాకా ఆమె గొట్టం పట్టుకుని కదలకుండా నిలబడింది. మడ్డి దగ్గర పడగానే గొట్టం పైకి లాగేసింది. ఒక్క చుక్క మడ్డి రాలేదు. ఈ పని ఇన్నేళ్ళూ తన వీపు వెనక జరిగిందే. ఆ చేతులు ఎలా నిలబడి ఉండేవో, మెడ ఎలా నొప్పెట్టి ఉండేదో ఇప్పుడు తెలిసింది. బిరడా బిగించి, చేతులు కడుక్కుని, ఫోను తీసింది. తీసి చాలాసేపు పట్టుకుంది. ఇన్నాళ్ళూ ప్రతి ఫోనుకూ ఒక ప్రశ్న ఉంది. ఇప్పుడు లేదు. నంబరు నొక్కింది.

మోగి మోగి ఆగబోతుండగా ఎత్తారు.

"దించేశానక్కా," అంది. "అడగడానికేమీ లేదు. ఊరికే చేశాను."

అటు నూనె చిటపటలాడుతున్న చప్పుడు. "రుచి చూశావా?" అంది పెద్దకోడలు.

"చూశాను."

"ఉన్నదున్నట్టు చెప్పు."

చిన్నకోడలు గ్లాసులో కొంచెం పోసుకుని మళ్ళీ తాగింది. ఈసారి తప్పు చెప్పకూడదు. "ముందు పండు బాగా తెలుస్తోంది. తీపి లేదు. పులుపు ఉంది, ఎక్కువ కాదు. చేదు లేదు." ఆగింది. "మింగాక మాత్రం, తడిబట్ట ఆరకుండా మడతపెడితే ఉంటుంది చూడండి, ఆ వాసన."

"మడ్డి వాసన. పోదు. చలి వెళ్ళాక కొంచెం తగ్గుతుందేమో."

"చెత్తలో పోసెయ్యనా?"

"చేదు లేదన్నావుగా. మొదటిసారి పెట్టి చేదు రాకుండా చేసినవాళ్ళని నేను చూడలేదు. ఉంచు."

ఫోను అక్కడ ఆగిపోవాలి. సరే మరి అనే చోటు అదే. ఎవరూ అనలేదు. నూనె చప్పుడు వింటూ చిన్నకోడలు గట్టును ఆనుకుని నిలబడింది.

"బుడగ నెల దాటి ఒకే తీరున రాదని నాకు తెలీదా?" అంది పెద్దకోడలు. మాట్లాడుతున్నది ఈమెతోనో, మూకుడుతోనో తెలియనట్టుంది ఆ గొంతు. "నువ్వు ఊదిన మొదటి వారంలోనే అనుమానం వచ్చింది."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఏమవుతుందో తెలిసే అడగలేదు. దుప్పటి అన్నాను, స్టవ్ పక్కన అన్నాను. నీకంటే నాకే బుద్ధి ఉండాల్సింది." కాస్త ఆగి, "నీమీద కోపం రాలేదని కాదు. వచ్చింది. వైను నిజంగా బాగుండేది," అంది.

చిన్నకోడలికి జలుబు పూర్తిగా తగ్గలేదు, ముక్కు చీదుకుంది. అటు టిక్కుమని చిన్న చప్పుడయింది. నూనె చిటపట సద్దుమణిగింది. ఏమిటక్కా అని అడిగింది.

"స్టవ్ కట్టేశాను. చెప్పు."

"ఏం చెప్పను?"

"ఏదో ఒకటి. వైను గురించి కాకుండా."

అటు కుర్చీ జరిగిన చప్పుడయింది. చిన్నకోడలు కూడా కింద, గట్టుకు వీపు ఆనించి కూర్చుంది. ఏం చెప్పాలో వెతికింది. ఒక్కటే ఉంది. ఎవరికీ చెప్పకూడదనుకున్నది, తలుచుకుంటేనే నవ్వులపాటనిపించేది.

"మొన్న మార్కెట్లో ఒకావిడ కనిపించింది," అంది. "వెనకనుంచి అచ్చం మీలాగే. సంచీ ఎడం చేతికి తగిలించుకుని, ఆ భుజం కొంచెం వంచి. నేను కొనాల్సినవి కూడా కొనకుండా ఆవిడ వెనకాలే పోయాను. రెండు వీధులు దాటిపోయాను."

"తర్వాత?"

"ఆవిడకు అనుమానమొచ్చి తిరిగి చూసింది."

చిన్నకోడలు చీర కుచ్చిళ్ళ మీద పడ్డ వైను మరకను వేలితో రుద్దింది.

"మీరు కాదు," అంది.